వైజాగ్ చుట్టూ మట్టిని, దాని మీద మొలిచిన మొక్కని కలిపి చదవడం ఎలా

మధురవాడ వైపు స్థలం కొన్నవాళ్ళు, కొండవాలు కాలనీల్లో నాలుగు చెట్లు వేద్దామనుకునేవాళ్ళు, ఆనందపురం దాటాక ఎకరమో అరెకరమో తోట చూసుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఈ మట్టిలో ఏం బతుకుతుంది? వెంటనే నర్సరీకి వెళ్ళి ఒక ట్రాలీ మొక్కలు దింపేసుకుంటారు. అంతకంటే ముందు ఒక్క ఆదివారం ఖాళీ చేసుకుని ఆ నేలని చదవండి. ల్యాబ్ రిపోర్టు సగం సంగతే చెబుతుంది, మిగతా సగం అక్కడ ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా తనంతట తాను మొలిచిన మొక్క చెబుతుంది. ఆ మొక్కకి మట్టి ఎలా వచ్చిందో, ఆ మట్టిని మొక్క ఎలా తయారు చేసిందో తెలిస్తే మీ ప్రశ్నకి జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. రాయి పిండైతే మట్టి అయిపోదు. మన చుట్టుపక్కల క్రషర్ల దగ్గర గుట్టలుగా పడి ఉండే రాతిపొడిలో గింజలు చల్లి చూడండి, వానకి మొలిస్తే మొలుస్తాయి గానీ నాలుగాకులు వేసి ఆగిపోతాయి. పాలలో తోడు పడితేనే పెరుగైనట్టు రాతిపొడిలో ప్రాణం చేరితేనే అది మట్టి అవుతుంది. ఆకులు రాలాలి, వేర్లు చచ్చి కుళ్ళాలి, చెదలూ వానపాములూ కిందది పైకి, పైది కిందకి కలపాలి, కంటికి కనపడని బూజులు రేణువుని రేణువుకి అతికించాలి. రష్యాలో దొకుచాయెవ్ అనే శాస్త్రవేత్త అక్కడి గడ్డిమైదానాల నల్లమట్టిని పరిశీలించి 1883లో చెప్పింది ఇదే: మట్టి అంటే రాయి చెత్త కాదు, దానికంటూ సొంత పుట్టుక ఉంది. తర్వాత 1941లో హాన్స్ జెన్నీ ఆ పుట్టుకకి ఐదు కారణాలు కట్టి చూపించారు. రాయి, వాతావరణం, ప్రాణులు, వాలు, కాలం. ఈ ఐదింటినీ పుస్తకంలో చదవడం వేరు, మన దగ్గర కళ్ళారా చూడడం వేరు. బీచ్ రోడ్డు నుంచి అరకు దాకా వెళ్తే సముద్రమట్టం నుంచి తొమ్మిది వందల మీటర్లు పైకి ఎక్కుతాం, దారి పొడవునా ఐదూ మారుతూ కనిపిస్తాయి. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల నేలలు ఉన్న ఊరు కావడం మన అదృష్టం, దాన్ని వాడుకోవాలి.

మొదట రాయిని పట్టుకోండి

సింహాచలం కొండ దారిలోనో, కైలాసగిరి ఎక్కే చోటో రోడ్డు కోసం కొండని కోసిన గోడ ఉంటుంది. బండి మలుపులో కాకుండా కాస్త ఖాళీ చూసి ఆపి, రాలి పడిన ముక్కొకటి చేతిలోకి తీసుకోండి. ఎర్రగా, చారలు చారలుగా, కొంచెం పుచ్చినట్టు ఉంటే అది ఖొండలైట్ అయ్యే అవకాశం ఎక్కువ. తూర్పు కనుమల కొండల్లో ఉండే ఖోందు గిరిజనుల పేరే దీనికి పెట్టారు. ముదురు రంగులో, జిడ్డు మెరుపుతో, సుత్తితో కొడితే ఖంగుమనే రాయి కనిపిస్తే చార్నోకైట్ కావచ్చు, అది ఇంత తేలిగ్గా పుచ్చదు.

ఖొండలైట్ ముక్కని బొటనవేలితో నలపండి. బాగా పుచ్చిన ముక్కయితే చేతిలోనే పొడవుతుంది, అందులో మూడు రకాలు తేడాగా కనిపిస్తాయి. సున్నంలా తెల్లగా అంటుకునేది ఒకటి. కందిగింజంత గోధుమరంగు తుప్పు మచ్చలు ఇంకొకటి. ఎంత నలిపినా నలగకుండా వేళ్ళకి గుచ్చుకునే గాజుముక్కల్లాంటి గింజలు మూడోది. తెల్లపొడి ఒకప్పటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. వాన నీళ్ళు గాలిలో, నేలలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పలచని ఆమ్లంగా మారి దాన్ని తినేస్తే మిగిలిన బంకమట్టి ఇది. తుప్పు మచ్చ ఒకప్పటి గార్నెట్ అనే ఖనిజం, అందులోని ఇనుము గాలీ నీరూ తగిలి అచ్చంగా తుప్పే పట్టింది. గాజుముక్క పలుగురాయి, దాన్ని ఏదీ ఏమీ చేయలేదు కాబట్టి అది ఇసుకై మిగిలిపోతుంది. బంక, తుప్పు, ఇసుక, ఈ మూడూ కలిస్తే మన ఎర్రమట్టికి కావలసిన సరుకు సిద్ధం. విశాఖ చుట్టూ మెట్టభూములు ఎందుకు ఎర్రగా, గరుకుగా, తడిస్తే కొంచెం జిగురుగా ఉంటాయో ఆ ఒక్క ముక్క చెప్పేస్తుంది.

అదే కొండ కొట్టుకుపోయి సముద్రం ఒడ్డుకి చేరితే ఏమవుతుందో చూడాలంటే వాన వెలిసిన మర్నాడు బీచ్‌కి వెళ్ళండి. అలలు వెనక్కి వెళ్ళిన చోట నల్లటి చారలు, వాటి పక్కనే గులాబీ రంగు చారలు ఉంటాయి. నల్లవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు, గులాబీవి గార్నెట్. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పొడి నల్ల ఇసుక మీద తిప్పితే కొన్ని గింజలు కవర్‌కి అతుక్కుని లేస్తాయి. పిల్లలు దీన్ని ఎంతసేపయినా వదలరు. గుప్పెడుతో చూసి అక్కడే వదిలేయండి, బస్తాలు నింపుకు రావద్దు.

రాయి మీద ఎవరు కాపురం పెట్టారో చూడండి

ఇప్పుడు పుచ్చని రాతి మీదకి రండి. బూడిదరంగు, లేత ఆకుపచ్చ, ఒక్కోచోట నారింజ రంగు మచ్చలు ఉంటాయి, చాలామంది మురికి అనుకుంటారు. అవి లైకెన్లు, బూజూ, పాచిలాంటి శైవలమూ కలిసి బతికే జీవులు. మనం బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ జాతిదే. వీటి నుంచి ఊరే ఆమ్లాలు రాతి పైపొరని కొంచెం కొంచెం కరిగిస్తాయి. అవి చచ్చి రాలిన పొడి, గాలికి ఎగిరొచ్చిన దుమ్ము పగుళ్ళలో చేరుతుంది. అందులో నాచు, తర్వాత గడ్డి, ఆ తర్వాత ఏ పిట్టో వేసిన రావి గింజ. రావి వేరు పగులులోకి దిగి లావవుతూ రాయిని చీలుస్తుంది, చీలిన సందులోకి మళ్ళీ నీళ్ళు దిగుతాయి. ఒకే బండ మీద ఈ వరుస మొత్తం కనిపించే చోట్లు మన కొండల్లో బోలెడు. పక్కపక్కనే ఫొటోలు తీసుకోండి.

ఇది ఎంత మెల్లగా జరుగుతుందంటే, ఒక్క సెంటీమీటరు మట్టి తయారవడానికి మామూలుగా వందల ఏళ్ళు పడుతుంది, గట్టి రాతి మీద ఇంకా ఎక్కువే. జేసీబీ అరగంటలో ఎత్తేసే మీటరు మట్టి అంటే ఎన్ని తరాల పనో లెక్క వేసుకోండి. స్థలం చదును చేయించేటప్పుడు పైన జానెడు మట్టిని విడిగా ఒక పక్కకి తీయించి, పని అయ్యాక మళ్ళీ పైనే పరిపించండి అని నేను అందరికీ చెబుతుంటాను, డ్రైవర్ విసుక్కున్నా సరే. ఆ జానెడే నేల, కిందదంతా ముడిసరుకు.

గొయ్యి తవ్వకుండా లోపల చూడటం

మట్టి పొరలు చూడటానికి కొత్తగా తవ్వక్కర్లేదు. పునాది గోతులు, రోడ్డు కోతలు, గెడ్డ (వాగు) గట్లు ఉండనే ఉన్నాయి. గోడ ఎండి రంగు మాసిపోయి ఉంటే బొరిగెతో పైపొర కొంచెం గీకితే లోపలి రంగు బయటపడుతుంది. గోడ పక్కన టేపు వేలాడదీసి పై నుంచి కిందకి చూడండి. పైన ఆకుచెత్త. దాని కింద నల్లగానో ముదురు గోధుమగానో ఉండే పలచటి పొర, సన్నవేర్లు ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఆ కింద బాగా ఎర్రగా, బంక ఎక్కువగా ఉండే పొర, వాన పైనున్న బంకనీ ఇనుమునీ కిందకి దింపి ఇక్కడ చేర్చింది. ఇంకా కిందకి వెళ్తే రాతి చారలు ఇంకా కనిపిస్తూనే చేత్తో విరిగిపోయే పుచ్చురాయి, ఆఖరున అసలు రాయి. ఏ పొర ఎంత మందమో, వేర్లు ఎక్కడిదాకా దిగాయో రాసుకోండి. వేరు ఆగిన చోటే మీ చెట్టుకి హద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక ఈ పాఠం ఊరంతా పరుచుకుని కనిపించింది. పడిపోయిన చెట్ల వేరు పళ్ళేలు రోడ్ల పక్కన నిలువుగా లేచి ఉండేవి, కొన్నిటికి కింద అంటుకున్న మట్టి రెండు మూడు జానలు కూడా లేదు, దాని కింద రాయో కాంక్రీటో. చెట్టు ఎంత ఎత్తు ఉన్నా వేరుకి దిగే దారి లేకపోతే అంతే. గాలి వేగం ఒక్కటే కారణం అనుకుని వదిలేసినవాళ్ళు అవే గోతుల్లో మళ్ళీ అలాంటి చెట్లే పెట్టారు, నాకు ఇప్పటికీ బాధ అదే.

ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం గీకడాలు వద్దు. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బల్ని భారత భూగర్భ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. అక్కడ చూడటమే మన పని. అవి నిజానికి ఇసుక దిబ్బలు. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందకి దిగి ఉన్న కాలం ఒకటుంది, అలా సముద్రం దిగుతూ ఎక్కుతూ వచ్చిన వేల ఏళ్ళలో గాలీ నీరూ పోగేసిన ఇసుక అది. ఆ ఇసుకలోని గార్నెట్ లాంటి గింజల్లోని ఇనుము తుప్పు పట్టి ప్రతి రేణువు చుట్టూ ఎర్రటి పొరగా అంటుకుంది. కాలం అనే కారణం ఎలా పనిచేస్తుందో అంత తేటగా చూపించే చోటు మరొకటి చెప్పమంటే నాకు కష్టమే. కాస్త దూరంలో ఇవాళ్టి బీచ్ ఇసుక లేత రంగులో ఉంటుంది, ఇక్కడ అదే జాతి ఇసుక వేల ఏళ్ళు ఎండకీ వానకీ ఉండి ఎర్రబడింది. దిబ్బల పైన తాడి, జీడిమామిడి, ముళ్ళపొదలు పట్టుకున్న చోట అంచు నిలబడి ఉంటుంది, పచ్చదనం పోయిన చోట ఒక్క వానకే కొత్త గాడి పడుతుంది. తేడా మీరే చూస్తారు.

చేత్తో చేసే పరీక్షలు

సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు: మూత గట్టిగా పట్టే గాజు సీసా, టీ వడకట్టే జల్లెడలు రెండు, రెండు పక్కలా మూతి కోసేసిన పాలపొడి డబ్బా, స్కేలు, కొంచెం వెనిగర్.

గుప్పెడు మట్టిలో గులకలు ఏరేసి, వేళ్ళకి అంటీ అంటనంత తడి చేసి ఉండ కట్టండి. ఉండే కట్టకపోతే ఇసుక నేల. కడితే దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా పైకి తోయండి. అంగుళం రాకుండానే తెగితే గరప నేల, రెండంగుళాల దాకా వస్తే బంక కాస్త ఎక్కువ, అంతకు మించి సాగితే బంకమన్ను. కొండ మీద, కొండ కింద, చెరువు పల్లంలో మూడు చోట్లా ఇలా చేసి చూస్తే వాలు ఏం చేస్తుందో వేళ్ళకే తెలుస్తుంది. పైన గులకలూ ఇసుకా మిగిలిపోతాయి, సన్నటిదంతా వాన కిందకి మోసుకెళ్తుంది. అందుకే కొండ నెత్తిన పొదలు, కొండ పాదంలో మామిడీ జీడీ, ఇంకా కింద పల్లంలో వరి. పల్లం మట్టిలో లోపల బూడిదరంగు మధ్య నారింజ మచ్చలు కనిపిస్తే అక్కడ నీళ్ళు నెలల తరబడి నిలుస్తాయని అర్థం. గాలి అందక ఇనుము ఎరుపు కోల్పోతుంది, వేర్లు దిగిన సందుల్లో మాత్రం గాలి తగిలి తుప్పు రంగు మిగులుతుంది. అక్కడ మామిడి వేసి చనిపోయిందని నర్సరీ వాళ్ళని తిట్టి లాభం లేదు.

సీసా పరీక్ష అందరికీ తెలిసిందే, అయినా చెబుతాను. మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు సబ్బుపొడి వేసి బాగా కుదిపి కదలని చోట పెట్టండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక, రెండు గంటల్లో దాని పైన చేరేది ఒండు, ఆ పైన మర్నాటికో ఇంకో రోజుకో దిగేది బంక. ఒక్కో పొరని స్కేలుతో కొలవండి.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది గడ్డ పరీక్ష, ఎందుకంటే మట్టికీ మొక్కకీ ఉన్న సంబంధం ఇందులో కళ్ళ ముందే తేలిపోతుంది. రెండు ఎండు మట్టిగడ్డలు తీసుకోండి, ఉసిరికాయంత చాలు. ఒకటి ఏళ్ళుగా ఊడవని పాత మామిడితోపు నీడలోంచి, రెండోది అదే ఊళ్ళో బండ్లు తిరిగే బోడినేల నుంచి. రెండిటినీ జల్లెడల్లో పెట్టి నీళ్ళల్లో మునిగేలా ఉంచండి. బోడినేల గడ్డ చూస్తూ చూస్తుండగానే బుడగలు వదులుతూ అంచుల నుంచి జారి, కాసేపటికి నీళ్ళు ఎర్రటి బురదైపోతాయి. తోపు గడ్డ మాత్రం తడుస్తుంది గానీ ఆకారం వదలదు, సన్నవేర్ల పోగులు బయటికి కనిపిస్తుంటాయి, నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి. రాయి ఒకటే, వాన ఒకటే, రంగు కూడా ఇంచుమించు ఒకటే. తేడా అంతా వేర్లదీ, బూజు దారాలదీ, కుళ్ళిన ఆకు జిగురుదీ. వానాకాలంలో కొండవాలు కాలనీల కాలవల్లో ఎర్రనీళ్ళు పారుతున్నాయంటే పైన రెండో రకం నేల పెరిగిందన్నమాట.

పాలపొడి డబ్బాని రెండంగుళాలు నేలలోకి దింపి అర లీటరు నీళ్ళు పోసి ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూడండి, చెట్టు కిందా బాటలోనూ. చెప్పక్కర్లేదు, మీరే చూడండి. వెనిగర్ చుక్క వేస్తే మట్టి నురగలు కక్కితే అందులో సున్నం ఉంది. బీచ్ ఇసుకలో గవ్వల పొడి ఉన్న చోట ఇది బాగా కనిపిస్తుంది, కొండ ఎర్రమట్టిలో మామూలుగా కనిపించదు.

సున్నం అంటే గుర్తొచ్చింది, బొర్రా గుహల సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. గుహ సున్నపురాతిది, గోస్తనీ నీళ్ళూ పై నుంచి ఇంకే నీళ్ళూ దాన్ని కరిగించి తొలిచాయి. అయితే ఉత్త వాననీటికి అంత పదును ఉండదు. నేలలో వేర్లు ఊపిరి వదులుతాయి, సూక్ష్మజీవులు ఆకుని కుళ్ళబెడుతూ ఊపిరి వదులుతాయి. అందుకే మట్టి సందుల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మట్టిలోంచి దిగిన నీళ్ళే రాయిని తినగలిగే ఆమ్లం అవుతాయి. అంటే లోపల వేలాడే ఆ సున్నపు స్తంభాల వెనక పైనున్న అడవి ఊపిరి కూడా ఉంది. మట్టి మొక్కని పెంచుతుందనే అందరం అంటాం, మొక్క రాయిని కరిగిస్తుందని చూపించడానికి మన దగ్గర ఇంత పెద్ద సాక్ష్యం ఉంది. గుహలోపల వెనిగర్ పరీక్షలు చేయడం మాత్రం తప్పు, చుక్క కూడా వేయొద్దు.

మొక్కని సాక్షిగా అడగడం

ఇక మొక్కల దగ్గరికి. మీ స్థలం చుట్టూ ఐదు నిమిషాలు నడిచి, నాటినవి వదిలేసి, మొలిచినవి మాత్రమే రాసుకోండి. పేరు తెలియకపోతే ఆకు ఫొటో తీసి ఊళ్ళో పెద్దవాళ్ళకి చూపించండి, మేకలు కాసేవాళ్ళకి తెలియని మొక్క ఉండదు.

సముద్రం ఒడ్డున మొదటి వరస మేకడెక్కల్లాంటి జంట ఆకులు, ఊదారంగు పూలు ఉండే పాకుడు తీగది. ఉప్పుగాలి, వేడి ఇసుక, తిండి లేని నేల, అన్నిటినీ తట్టుకుని అది ఇసుకని కదలకుండా పట్టుకుంటుంది, దాని వెనక మొగలి, ఆ వెనక మనం నాటిన సరుగుడు. సరుగుడు అంత పేద ఇసుకలో ఎలా ఎదుగుతుందంటే దాని వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అలాగని ఒడ్డంతా సరుగుడే వేసి తీగని పీకేయడం నాకు నచ్చదు, ఇసుకని ముందుండి పట్టేది తీగే. ఉప్పునీళ్ళు వచ్చి పోయే బురదలో మడచెట్టు ఉంటే అక్కడ నేలలో గాలి లేదని అర్థం, అందుకే దాని ఊపిరి వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి.

కొండవాలుల మీద బలుసు, రేగు, వాక్కాయ, సీతాఫలం, ఈత, తంగేడు కనిపిస్తాయి. వీటి మధ్య నడిచేటప్పుడు నేల లోతు తక్కువ, నీరు త్వరగా జారిపోతుంది అని రాసుకోవచ్చు. మన ఊళ్ళో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదేం తక్కువ కాదు, కానీ అది కొన్ని నెలల్లోనే పడిపోయి మిగతా కాలమంతా ఎండ. లోతులేని మట్టి ఆ నీటిని దాచుకోలేదు, అందుకే ముళ్ళూ చిన్న ఆకులూ. కంబాలకొండలో చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది: బోడి వాలు మీద పొదలు, నాలుగడుగులు కిందకి దిగి నీరు చేరే లోయలోకి వెళ్ళగానే దట్టమైన ఆకుపచ్చ. రాయీ వానా మారలేదు, వాలు మారింది, మట్టి లోతు మారింది. అది అభయారణ్యం, చూసి రావడమే, ఆకు కూడా తేవద్దు.

ఒక హెచ్చరిక. లాంటానా, సర్కారు తుమ్మ, వయ్యారిభామ దట్టంగా ఉన్నాయంటే అవి మట్టి స్వభావం కంటే మనుషులు ఆ నేలని ఎంత కెలికారో చెబుతున్నాయి. ఎక్కడెక్కడినుంచో వచ్చి ఖాళీ చేసిన చోటల్లా చేరే మొక్కలివి. వీటిని చూసి ఇది ఎందుకూ పనికిరాని నేల అని తేల్చేయకండి. పొదల మధ్య వేపో, బలుసో, నేరేడు పిలకో తలెత్తుతోందేమో వెతకండి, అసలు సాక్షి అది.

అరకు దారిలో అనంతగిరి దాటి పైకి వెళ్ళాక లెక్క మారుతుంది. వాన ఎక్కువ, చల్లదనం ఎక్కువ, ఆకు మెల్లగా కుళ్ళుతుంది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ కింద, దాన్ని అల్లుకున్న మిరియం తీగ పక్కన, ఆకుచెత్తని వేళ్ళతో పక్కకి జరపండి, తోటవాళ్ళని అడిగి. పైన నిన్నటి ఎండాకు, దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన జల్లెడ ఆకులు, వాటిని అల్లుకున్న తెల్లటి బూజు దారాలు, ఇంకా కింద వేలెడు మందాన నల్లటి మెత్తటి మట్టి, వాసన చూడబుద్ధేసేంత కమ్మగా. వేలు ఇంకొంచెం దింపితే మళ్ళీ ఎరుపే. ఆ ఎర్రపొరలో ఉన్న బలం తక్కువ. ఏళ్ళ తరబడి వాన కడిగేసిన నేల అది, అడవి తిండి అంతా పైన ఆకులోనూ ఆ వేలెడు నలుపులోనూ తిరుగుతూ ఉంటుంది. పోడు వ్యవసాయం వెనకున్న లెక్క కూడా ఇదే. కాల్చిన బూడిద కొన్నేళ్ళ పంటకి బలమిస్తుంది, తర్వాత ఆ చెక్కని చాలా ఏళ్ళు వదిలేస్తే అడవి మళ్ళీ పోగేస్తుంది. గిరిజన రైతులకి ఈ లెక్క తరాలుగా తెలుసు. వదిలేసే ఏళ్ళు తగ్గిపోతేనే, భూమి చాలకపోతేనే ఆ వేలెడు నలుపు కొట్టుకుపోతుంది.

ఆ కడగడం లక్షల ఏళ్ళు సాగితే ఏమవుతుందో గాలికొండ, రక్తకొండల నెత్తిన ఉంది: ఖొండలైట్‌లోంచి కరిగేవన్నీ కరిగిపోయి, అల్యూమినియం మిగిలి బాక్సైట్ అయింది. తూర్పు కనుమల్లో ఇలాంటి కొండల పైన చాలాచోట్ల పెద్ద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ, అంచులు దిగి మట్టి చేరిన చోట అడవి మొదలవుతుంది.

చదివాక ఏం చేయాలి

మీ దగ్గర ఇప్పుడు నాలుగు సంగతులు ఉన్నాయి: వేరు దిగగల లోతు, బంక ఎంతో ఇసుక ఎంతో, నీరు నిలుస్తుందా జారుతుందా, తనంతట తాను ఏం మొలుస్తోంది. వాలు నేల అయితే ముందు చెట్టు కాదు, గడ్డి. వాలుకి అడ్డంగా చిన్న కందకాలు తీసి, తీసిన మట్టిని కింద వైపు గట్టుగా వేసి, ఆ గట్టు మీద దర్భ జాతి గడ్డో వట్టివేరో పెట్టండి. ఉన్న పొదల్ని పీకకుండా వాటి నీడలోనే కానుగ, వేప, నేరేడు పిలకలు పెడితే ఎండకి మాడకుండా నిలుస్తాయి. కానుగ వేరు బుడిపెలు నత్రజనిని కూడా చేరుస్తాయి. లోతు చాలని చోట ఎత్తుగా పెరిగే చెట్ల జోలికి పోవద్దు, సీతాఫలం, వాక్కాయ, రేగు చాలు, పిట్టలూ పిల్లలూ ఇద్దరూ వస్తారు. పల్లం అయితే మద్ది, కానుగ, నేరేడు తడిని ఓర్చుకుంటాయి. తొలకరి రెండు మూడు గట్టి వానలు పడి నేల జానెడు తడిశాకే నాటండి, అలా అయితే అక్టోబరు, నవంబరు తుపానుల నాటికి వేరు కొంత పట్టు దొరకబుచ్చుకుంటుంది.

రాలిన ఆకుని కాల్చకండి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. అపార్ట్‌మెంట్ల వెనక ప్రతి ఉదయం పొగ పెట్టేది ఆ నేలకి రావలసిన తిండికే. చెట్టు మొదట్లోనే చుట్టూ పరిచి పైన కాస్త మట్టి చల్లితే చాలు, మన వేడికి అది ఎన్నో నెలలు ఉండనే ఉండదు. చెదలు పడతాయని భయపడేవాళ్ళు ఆకుని మొదలుకి తగలకుండా ఒక జాన ఎడం వదలండి.

తోట వేసేవాళ్ళు మట్టి పరీక్ష కూడా చేయించండి. 2015 నుంచి రైతులకి సాయిల్ హెల్త్ కార్డులు ఇస్తున్నారు, మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడిగితే నమూనా ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. నమూనా తీసే పద్ధతి సరిగ్గా లేకపోతే రిపోర్టు వృథా. పొలంలో వంకర టింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసి, పారతో వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గొయ్యి తీసి, దాని పక్క గోడ నుంచి పై నుంచి కిందదాకా ఒక పలచని చెక్క తీయండి. గట్ల దగ్గర, పెంటకుప్పల దగ్గర, చెట్ల నీడలో, ఎరువు వేసిన కొత్తల్లో తీయకూడదు. పండ్లతోటకైతే పైదొకటి, కింద పొరలవి విడివిడిగా తీయాలి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి, యూరియా సంచిలో కాకుండా శుభ్రమైన గుడ్డసంచిలో వేసి, పేరు, ఊరు, సర్వే నెంబరు, ఇంతకుముందు వేసిన పంట, వేయబోయేది రాసిన చీటీ పెట్టండి. అదే చీటీ వెనక వైపు మీరు నడిచి రాసుకున్న మొక్కల పేర్లు, వేరు ఆగిన లోతు కూడా రాసి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రిపోర్టు వచ్చాక రెండిటినీ పక్కపక్కన పెట్టుకునే ఏ మొక్క కొనాలో తేల్చుకోండి.